కొండమీది ఊరికి కబురు

జీడిమొక్కలకు ఎరువు వేసే మాట వచ్చేవారం చెప్పుకుందాం. ఈ పూట జ్వరం మాట.

2020 మార్చి 24న దేశమంతటికీ లాక్‌డౌను ప్రకటించారు. మనకది జీడిపిక్కలు ఏరే కాలం గదా! మందస కొండల సవరలు పిక్కలు, చింతపండు అమ్ముకొనే సంతలు ఆగిపోయాయి. అప్పుడు నేనొక సవర గూడెం వెళ్లి తెలుగు కరపత్రం గట్టిగా చదివాను. అందరూ తలలూపేరు. చివరకు ఒక ముసలమ్మ, "దూరం దూరం అంతన్నావు బాబూ, జొరమొచ్చినోడిని ఒగ్గీమంతావా?" అన్నది. నాకు నోట మాట రాలేదు.

అక్కడి ఆశా కార్యకర్త సవర పిల్ల. ఆమె తన భాషలో చెప్పింది: రోగికి చెంబు వేరు, పక్క వేరు, గంజి మాత్రం వేళకు గుమ్మందాకా చేరాలి, ఆయాసం వస్తే పసరు కోసం ఆగక ఆసుపత్రికి దింపాలి. ముసలమ్మ ఆ మాటలే పక్కింటివారికి తిరిగి చెప్పింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవరభాష నేర్చి, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. అది చదువుకున్నవాణ్ణే, తెలుగు కాగితం పట్టుకు కొండెక్కాను!

2021లో టీకాలప్పుడు ఆ పొరబాటు చేయలేదు. సూది తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చునని ముందే ఆమెచేత చెప్పించాం. చెప్పకుంటే ఆ నొప్పులే పుకారై కొండలన్నీ తిరిగేవి.

సంతలో కొండవారూ ఉద్దానంవారూ ఒకే తక్కెడ దగ్గర నిలబడతారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బువారు ఎందరో. వారికి కరోనా సోకితే ముప్పు ఎక్కువ. డయాలిసిస్‌కు వెళ్లేవారు జ్వరమని ఇంట ఆగిపోరాదు; ఆసుపత్రికి ముందుగా కబురు చేసి వెళ్లవలెను. విస్తరణ సోదరులారా, ఏ గూడెంలో సవరలో చదివి చెప్పగలవారు ఎవరున్నారో ఇప్పుడే పేర్లు రాసి ఉంచండి.