పైసలిచ్చి ఆఫ్ కొనలేరు

(బస్సు కార్మికుల సభలో చేసిన ప్రసంగం)

డ్రైవరన్నకు నిద్ర కరువైతే ఆగమయ్యేది ఆయన ఒళ్లొక్కటే కాదు. వెనుక సీట్లల్ల కూసున్న యాభై మంది ప్రాణాలు ఆయన కంటిరెప్పల మీదనే ఉంటయి. అందుకే వారపు సెలవును మేం దయ అనం, హక్కంటం.

ఈ హక్కు ఎవరో పిలిచి ఇచ్చింది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే కార్మికులను కూడగట్టి కొట్లాడితే, 1890లో యజమానులు ఆదివారం సెలవుకు తలొగ్గిండ్రు.

బస్సులు, లారీల మీద బతికెటోళ్లకు 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి దాని జాగల వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలైతున్నది. దాని 26వ సెక్షన్ మాట సూటిగ ఉన్నది: వారంల ఆరు రోజులకు మించి పని చేయించరాదు.

మరి 'పది రోజులు చేయించొచ్చు' అన్న మాట ఎక్కడిది? అదీ ఆ సెక్షన్‌లదే. బస్సులు ఆగిపోయే పరిస్థితి వస్తే ఆఫ్ రోజు డ్యూటీ వేయొచ్చు. కాని నడుమ ఒక పూర్తి రోజు సెలవు లేకుండ వరుసగ పది రోజులు దాటరాదు. లెక్క చూడుండ్రి. ఈ ఆదివారం ఆఫ్ తీసుకున్నరు. వచ్చే ఆదివారం డ్యూటీ వేసిండ్రు. సోమవారం నుంచి లెక్కిస్తే పై బుధవారానికి పది రోజులు నిండుతయి. గురువారం ఇంట్ల ఉండాలె. అంతకు ముందే ఇస్తే ఇంకా మంచిది. గురువారం కూడా బస్సెక్కిస్తే అది చట్టాన్ని తొక్కుడే.

సర్కారు మినహాయింపు ఉత్తర్వుతోని వారపు సెలవులు పోతే, అన్ని సెలవులనూ ఆ నెలలనో, తర్వాతి రెండు నెలలల్లనో తిరిగి ఇయ్యాలె. 'డబుల్ డ్యూటీ పైసలిచ్చినం కద' అంటే చెల్లదు. ఓవర్‌టైంకు రెట్టింపు కూలి వేరే హక్కు. సెలవు బాకీని సెలవుతోనే తీర్చాలె.

పది రోజుల వెసులుబాటు ఆపద్ధర్మం. ఖాళీలు నింపకుండ ఏడాది పొడుగునా అదే వాడుకుంటే అది ఆపద కాదు, కొలువుల ఎగవేత. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! డ్రైవరన్న పోగొట్టుకున్న ఆఫ్‌లల్ల మీకు రావాల్సిన నౌకర్లున్నయి. ఇది మీ కొట్లాట కూడా.

డ్యూటీ తేదీలు, ఆఫ్ తేదీలు ఎవరికి వారు నోటుబుక్కుల రాసిపెట్టుకుందాం. పోయిన సెలవును రాతపూర్వకంగ అడుగుదాం. ఒక్కరు అడిగితే పగబడతరు, అందరం కలిసి అడిగితే లెక్క చెప్తరు.