ఉద్యోగానికీ రంగు కావాలా?

మన దేశంలో ముఖం తెల్లబరుస్తామనే క్రీము ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో అమ్మకానికి వచ్చింది. తెల్లబడితే మంచి సంబంధం వస్తుందన్నది మొదటి ఆశ. ఆడపిల్లలు చదివి ఉద్యోగాలు చేయడం మొదలయ్యాక ఆశ మారింది. కొడుకు లేడని దిగులుపడే తండ్రి, క్రీము రాసుకుని ఎయిర్ హోస్టెస్ అయిన కూతురు: ఇదీ ఒక టీవీ ప్రకటన కథ. మహిళా సంఘం ఐద్వా అభ్యంతరాల తరువాత 2003లో అది ఆగింది. కూతురు ఇంటిని పోషించడం మంచిదే. కానీ అందుకు ఆమె అర్హత చదువు కాదట, చర్మమట! సొంత కాళ్ల మీద నిలబడాలన్నా పెళ్లిచూపుల కొలతే.

ఎవరి ముఖం వారిష్టం, బలవంతమేముంది అంటారు. చదువు, జీతం పక్కనే రంగు కూడా అడిగే చోట ఆ కొనుగోలును అచ్చంగా ఇష్టమనలేం. మగవాళ్లకూ 2005లో ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ వచ్చిందిగా అనేవారున్నారు. వచ్చింది. అయితే వరుడి రంగును జీతం మరిపిస్తుంది. వధువు జీతం ఆమె రంగును అంత తేలిగ్గా మరిపించదు. నల్లనివారిని ఓడిపోయినవారిగా చూపొద్దని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి చెప్పింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులో ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. అదే ఏడాది పెళ్లి సంబంధాల సైటు షాదీ డాట్ కామ్ రంగును బట్టి వెతికే వీలును తీసేసింది. పేరు మార్పు కన్నా నాకు ఇదే పెద్ద అడుగనిపిస్తుంది, ప్రశ్న పుట్టే చోటే చెయ్యి పెట్టింది కనుక. మధ్యవర్తులు ఫోనులో అడిగే ‘పిల్ల రంగేమిటి’ మాత్రం ఏ నిబంధనకూ అందదు.