మోటారు ఇంజనులో నీటి పని



నీటితో కారు నడుచునను వార్త కొన్ని సంవత్సరముల కొకసారి పుట్టుచునే యుండును. నమ్మి సొమ్ము పోగొట్టుకొనువారును ఉందురు. అమెరికాలో నీటితో బండి నడిపెదనని మదుపు సేకరించిన ఒక వ్యక్తి చేసినది మోసమేయని ఒహాయో రాష్ట్ర న్యాయస్థానము 1996లో తీర్పు చెప్పి, సొమ్ము తిరిగి యీయవలసినదని ఆజ్ఞాపించినది. కట్టె కాలగా మిగిలినది బూడిద. ఉదజని కాలగా మిగిలినది నీరు. బూడిదను పొయ్యిలో పెట్టి అన్నము వండగలవా రెవరు? లీటరు పెట్రోలు మండినపుడు రమారమి లీటరు నీరే ఆవిరియై పొగగొట్టము వెంట పోవుచున్నది.

అయినను ఇంజనులో నీటికి పనియే లేదనుట పొరపాటు. ఆ పని మండుట కాదు, చల్లబరచుట.

సిలిండరులో గాలిని, పెట్రోలు ఆవిరిని ఎంత గట్టిగా నొక్కి మండించిన అంత శక్తి వచ్చును. కాని నొక్కినకొలది వేడి హెచ్చును. వేడి మితిమీరినచో, ప్లగ్గు వద్ద పుట్టిన మంట వచ్చి చేరకమునుపే మిగిలిన మిశ్రమము తనంత తానే భగ్గుమనును. అప్పుడు వినవచ్చు టకటక శబ్దమునే మెకానిక్కులు నాకింగు అందురు. అది అట్లే సాగిన పిస్టను పాడగును. వేసవిలో కొత్తకుండ చెమర్చి లోని నీటిని చల్లబరచు రహస్యమే ఇచ్చట అక్కరకు వచ్చును. గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 540 కెలోరీల వేడిని గ్రహించును. పెట్రోలు గ్రహించునది అందులో ఆరవ వంతు మాత్రమే. గాలితోపాటు నీటిని సన్నని తుంపరగా పంపినచో వేడి తగ్గి, మరింత గాలిని నొక్కుటకు వీలు కలుగును.

రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా వారి పి-47 విమానములలో నీరు, మిథైల్ ఆల్కహాలు కలిపి చిమ్మగా, 2,000 అశ్వశక్తి గల ఇంజను కొద్ది నిమిషములపాటు సుమారు 2,300 వరకు ఇచ్చెడిది. 1962లో ఓల్డ్స్‌మొబైల్ సంస్థ జెట్‌ఫైర్ అను కారులో ఇదే ఏర్పాటు చేసినది. యంత్రము మంచిదే, చిక్కు మనుష్యులతో వచ్చినది. ఆ ద్రవపు తొట్టిని నింపుట పలువురు యజమానులు మరచిరి. తొట్టి ఖాళీ యైన శక్తి తగ్గిపోవును. రెండేండ్లకే ఆ కారు అంగడి నుండి తొలగినది.

2016లో బి.ఎం.డబ్ల్యు. వారు ఎం4 జి.టి.ఎస్. అను కారున 5 లీటర్ల నీటితొట్టి నమర్చి, 431 అశ్వశక్తి గల ఇంజనును 500కు చేర్చిరి. మిక్కిలి భారముపై నడుచునపుడు కొన్ని ఇంజనులు కేవలము చల్లదనము కొరకే అదనపు పెట్రోలు చల్లుకొనును. ఆ పని నీరు చేసినచో పెట్రోలు మిగులును. నెమ్మదిగా పోవు బండికి ఈ లాభము స్వల్పము.

ఇదంతయు వేరు తొట్టి, వేరు గొట్టము, కొలిచి చిమ్ము సాధనము గల ఏర్పాటు. పెట్రోలు ట్యాంకులో నీరు పోయుట దీనికి పూర్తిగా భిన్నము. నీరు బరువు గనుక అడుగున చేరి, పంపులోనికి ముందుగా పోవును. నేడు భారతదేశమున అమ్ము పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. నీరు తగిలినచో ఆ ఇథనాలు సైతము పెట్రోలును విడిచి నీటితో అడుగునకు దిగును. ఇక బండి కదలదు. ట్యాంకు విప్పి కడుగవలసినదే.