పాత డెస్క్‌టాప్‌కి కొత్త ఓఎస్: ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి

ఈ వీడియోని మీలో చాలామంది ఫోన్లోనే చూస్తూ ఉంటారు. కానీ మీ ఇంట్లో ఒక మూల, పైన పాత టవల్ కప్పిన డెస్క్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది. అందులో విండోస్ 10 ఉందా? అయితే ఈ వీడియో మీకే.

ముందు నా తప్పు చెప్పేస్తాను. 2020 జనవరి 14న విండోస్ 7కి సపోర్ట్ ఆగిపోయింది. అప్పట్లో మా ఇంట్లో నేనే పెద్ద కంప్యూటర్ ఎక్స్‌పర్ట్ అనుకునేవాణ్ణి. నాన్న ఊరెళ్లినప్పుడు, వచ్చేసరికి సర్‌ప్రైజ్ ఇద్దామని విండోస్ 10 వేసేశా. సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టా. "ఫొటోలు డెస్క్‌టాప్ మీద కదా ఉన్నాయి, సీ డ్రైవ్‌లో లేవు కదా" అనుకున్నా. డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ ఉండేది సీ డ్రైవ్‌లోనే! నాన్న వచ్చి ఆన్ చేసి, "ఏరా, తాతయ్య ఫొటోలు ఏవి?" అన్నాడు. ఆ ఫొటోలు ఇంకెక్కడా లేవు. రికవరీ సాఫ్ట్‌వేర్లు అన్నీ వాడి చూశా. కొత్త విండోస్ ఆ ఫైళ్ల చోట్లోనే వచ్చి కూర్చుంది, ఇంకేం దొరుకుతాయి? నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు అసలు విషయం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ అయిపోయింది. కంప్యూటర్ ఆగిపోదు, ఆన్ అవుతుంది, అన్నీ పనిచేస్తాయి. కానీ కొత్తగా బయటపడే సెక్యూరిటీ లోపాలకి ప్యాచ్‌లు రావు. దాంట్లో బ్యాంకు పని చేస్తున్నారంటే, తాళం పాడైన తలుపు వెనక బీరువా పెట్టుకున్నట్టే. మనకి మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, విండోస్ 11. విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కి, టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లీషులో టైప్ చేయండి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని రావాలి. రాకపోయినా కంగారు పడొద్దు. చాలా బోర్డుల్లో అది ఉంటుంది కానీ ఆఫ్ చేసి ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనే ఆప్షన్ ఆన్ చేయాలి. ర్యామ్ కనీసం 4 జీబీ, స్టోరేజ్ 64 జీబీ ఉండాలి. అసలు చిక్కు ప్రాసెసర్ దగ్గర వస్తుంది. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ వేస్తే మీ సిస్టమ్ పాసో ఫెయిలో చెప్పేస్తుంది. పాస్ అయితే అప్‌గ్రేడ్ ఫ్రీ.

"అన్నా, రూఫస్‌తో బైపాస్ చేయొచ్చు కదా" అంటారు. చేయొచ్చు. కానీ అలా వేసిన సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. మనం మారేదే అప్‌డేట్ల కోసం కదా! ఇంట్లో పెద్దవాళ్లు వాడే సిస్టమ్ మీద ఆ ప్రయోగం వద్దు.

రెండోది, కొంత టైమ్ కొనుక్కోవడం. ఈఎస్‌యూ అని ఒక ప్రోగ్రామ్ పెట్టారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ సింక్ చేస్తే, డబ్బులు కట్టకుండానే సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. దానికి ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆప్షన్ కనిపిస్తుంది.

మూడోది, లినక్స్. మా నాన్న సిస్టమ్ నాలుగో జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 11 రాదు. అందుకే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకున్నా. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రాసి, దాన్నుంచే బూట్ చేస్తే, ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూడొచ్చు. సౌండ్ వస్తోందా, నెట్ వస్తోందా, ప్రింటర్ పనిచేస్తోందా, అన్నీ అక్కడే చెక్ చేసుకోండి. ఒక్క మాట. ఇంట్లో టాలీ వాడుతున్నా, డీటీపీ పని కోసం పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడుతున్నా లినక్స్ జోలికి వెళ్లకండి. అవి విండోస్ సాఫ్ట్‌వేర్లు, వాళ్ల పని ఆగిపోతుంది.

ఈసారి నేను ఏం చేశానంటే, ముందు నాన్ననే అడిగా. "నాన్నా, ఇందులో నీకు ఏమేం కావాలి?" అని. ఆయన కూర్చుని ఒక్కొక్కటే చూపించాడు. డీ డ్రైవ్‌లో, పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ లోపల, పొలం కాగితాల స్కాన్‌లు ఉన్నాయి! నేను వెతికితే ఈ జన్మలో అక్కడ చూసేవాణ్ణి కాదు. అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ని నా ల్యాప్‌టాప్‌కి పెట్టి ఫైళ్లు ఓపెన్ చేసి చూశా. కాపీ అయితే సరిపోదు ఫ్రెండ్స్, ఓపెన్ అవ్వాలి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు కూడా మర్చిపోకండి.

తర్వాత ఒక 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ కొన్నా. పాత హార్డ్ డిస్క్‌కి ఫార్మాట్ కొట్టలేదు. వైర్లు పీకి, బయటికి తీసి, బీరువాలో పెట్టా. కొత్త ఓఎస్ కొత్త ఎస్ఎస్‌డీలోకి వెళ్లింది. ఏదైనా తేడా వస్తే పాత డిస్క్ తగిలిస్తే చాలు, పాత సిస్టమ్ పాతట్టే ఉంటుంది. ఈ వీడియోలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటానంటే, ఇది గుర్తు పెట్టుకోండి. పైగా పాత సిస్టమ్ స్లోగా ఉండటానికి చాలాసార్లు కారణం ఆ తిరిగే హార్డ్ డిస్కే. ఎస్ఎస్‌డీ పెట్టాక తేడా మీకే తెలుస్తుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు. సిస్టమ్ ఆన్ చేసిన ప్రతిసారీ డేట్ తప్పు చూపిస్తుంటే, మదర్‌బోర్డ్ మీద సీఆర్ 2032 సెల్ అయిపోయిందన్నమాట. డేట్ తప్పుంటే వెబ్‌సైట్లు సెక్యూరిటీ ఎర్రర్ చూపిస్తాయి, జనం దాన్ని ఓఎస్ ప్రాబ్లం అనుకుంటారు. గుండ్రటి చిన్న సెల్, మార్చేస్తే సరి. రెండోది, ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోకూడదు. యూపీఎస్ లేకపోతే, మీ ఏరియాలో కోత టైమ్ చూసుకుని మొదలుపెట్టండి.

ఒకవేళ నాలాగే పొరపాటున ఫైళ్లు పోయాయనుకోండి, వెంటనే సిస్టమ్ ఆఫ్ చేయండి. ఆ డిస్క్ మీద ఇంకేం వేయొద్దు. ఎంత వాడితే ఫైళ్లు దొరికే ఛాన్స్ అంత తగ్గుతుంది. నాకు ఆ రోజు ఈ మాట చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు నాన్న రోజూ పొద్దున్నే మింట్‌లోనే పేపర్ చదువుతున్నాడు. మొదటి వారం "పాతదే బాగుందిరా" అన్నాడు. ఇప్పుడు ఏమీ అనట్లేదు. మా నాన్న ఏమీ అనట్లేదంటే నచ్చినట్టే!

మీ ఇంట్లో సిస్టమ్ ఏ జనరేషనో, ఏ దారి ఎంచుకున్నారో కింద కామెంట్‌లో రాయండి. దానికంటే ముందు, ఈ వీడియో అవ్వగానే ఇంట్లోవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి, "ఇందులో మీకు ఏం కావాలి?" అని. మళ్లీ నెక్స్ట్ వీడియోలో కలుద్దాం. ఉంటాను, బై.