హద్దు గీయడం పొగరు కాదు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు ఫోటోలు తీసి బతుకుతున్నాను. 12 ఏళ్లుగా ఇదే నా వృత్తి.

ఆడది కెమెరా పట్టుకుంటే మొదట అందరూ మెచ్చుకుంటారు. "మా ఇంటి పిల్లలాంటి దానివమ్మా" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. బేరం దగ్గర, బాకీ దగ్గర ఆ మాటే అడ్డొస్తుంది. ఇంటి పిల్ల కూలి అడుగుతుందా? ఇంటి పిల్లకు వేళాపాళా ఉంటుందా? ముహూర్తం వరకని ఒప్పుకుంటే అప్పగింతల దాకా, మర్నాటి వ్రతం దాకా ఉండమంటారు. రాత్రి 11 గంటలకు ఫోన్ చేసి ఆల్బం ఏదంటారు. కాదంటే పొగరంటారు. ఇంటిచాకిరీకి వెల లేకుండా చేసిన పద్ధతే బయట మన పనికీ వెంట వస్తోంది.

ఆ పేరుకు భయపడి నేనొక తప్పు చేశాను. ఒక పెళ్లిలో తాగి ఉన్న బంధువొకడు నా సహాయకురాలి చెయ్యి పట్టుకున్నాడు. రావాల్సిన బాకీ గుర్తొచ్చి, "సర్దుకోవే" అన్నాను. ఆ పెళ్లి డబ్బులు వచ్చాయి. ఆ పిల్ల మళ్లీ పనిలోకి రాలేదు.

ఆ తర్వాతే కాగితం రాయడం మొదలుపెట్టాను. ఎన్ని గంటలు, ఎంత అడ్వాన్సు, రాత్రి ఇల్లు చేర్చే బండి ఎవరిది అన్నవి అందులో ఉంటాయి. అలంకరణ గదిలో తీసిన ఫోటోలు పెళ్లికూతురు ఒప్పుకోనిదే ఎవరికీ ఇవ్వను. మాపై చెయ్యి వేస్తే పని ఆపి వెళ్లిపోతాం. అన్నిటికీ ఇరుపక్షాలూ సంతకం పెడతాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోపై హక్కు తీయించుకున్నవారిదే. రాయకపోతే మన మాటకు, పెళ్లికూతురి మాటకు బలం ఉండదు.

పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం పదిమంది కన్నా తక్కువున్న చిన్న పనిచోట్లనూ లెక్కలోకి తీసుకుంది. మూడు నెలల్లోగా జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆ రోజు నాకది తెలియదు. మీ జిల్లా కమిటీలో ఎవరున్నారో మీలో ఎందరికి తెలుసు?

కాగితం చూసి కొందరు వెళ్లిపోయారు. ఆ ఏడు బేరాలు తగ్గాయి. ఉన్నవాళ్లు మాత్రం సమయానికి డబ్బిచ్చారు.

చివరగా మీతోనూ ఒక మాట. సంఘాలు కూడా "ఉద్యమం కోసమే కదక్కా" అని ఉచితంగా తీయమంటాయి. కొన్నిసార్లు తీస్తాను, నా ఇష్టంతో. కానీ ముందు నన్ను అడగండి. ఆడవాళ్ల శ్రమకు విలువ కట్టమని మనం మాట్లాడే సభలోనే ఫోటోలు తీసే ఆడమనిషి కూలి మరిచిపోతే ఎట్లా?