రాత్రి బడిలో చదివిన మనిషి



పోయిన వారం ఒక అక్క తన పలక నా చేతిలో పెట్టింది. "పగలంతా కూలికి పోతాం. రాత్రి కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. నేర్చుకున్న ఒత్తులు కూడా మరిచిపోతున్నా. నాకెందుకు టీచరమ్మా ఈ చదువు?" అంది. అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఈ రోజు ఒక మనిషి సంగతి చెబుతాను.

ఆయన పేరు విలియం ఫాన్. ఊరు అమెరికాలోని న్యూయార్క్. 1935లో బెల్ టెలిఫోన్ కంపెనీ ప్రయోగశాలలో చేరాడు. శాస్త్రజ్ఞుడిగా కాదు, సహాయకుడిగా. పగలు పని, రాత్రి చదువు. ఆ ఊళ్లో కూపర్ యూనియన్ అనే కాలేజీ ఉంది. పని చేసుకునేవాళ్లకు అక్కడ ఫీజు లేకుండా రాత్రిపూట పాఠాలు చెప్పేవారు. దాన్ని పెట్టిన పీటర్ కూపర్ నిండా ఏడాది కూడా బడికి పోలేదు. ఫాన్ 1940లో అక్కడే ఇంజనీరు పట్టా తీసుకున్నాడు. లోహాల పనిలో ఆరితేరాడు.

1947లో ఆ ప్రయోగశాలలోనే ట్రాన్సిస్టర్ పుట్టింది. మన పెద్దలు రేడియోనే ట్రాన్సిస్టర్ అనేవారు. నిజానికి అది రేడియో లోపల ఉండే చిన్న వస్తువు. మొదట దాన్ని జెర్మేనియం అనే పదార్థంతో చేశారు. అందులో ఏ కొంచెం మలినం ఉన్నా ట్రాన్సిస్టర్ సరిగా పనిచేయదు.

మరి మలినం తీసేదెలా? ఒక మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తుండగా ఫాన్‌కు ఉపాయం తట్టింది. జెర్మేనియం కడ్డీని ఒక కొసన వేడి చేయాలి. అక్కడ కొంత మేర కరుగుతుంది. ఆ వేడిని మెల్లగా రెండో కొసకు జరపాలి. వెనక భాగం గట్టిపడుతుంది, ముందు భాగం కరుగుతుంది. మలినం చాలావరకు కరిగినదానితోనే పోతుంది. మనం చెత్తను గడపదాకా ఊడ్చుకొచ్చినట్టే. ఒక్కసారికి పోదు. మళ్లీ మొదటి నుంచి ఊడవాలి. అలా ఎన్నోసార్లు చేసి, మలినం చేరిన చివరి ముక్కను కోసేయాలి.

చివరికి 1000 కోట్ల కణాల్లో ఒక్క మలిన కణం కూడా మిగలనంత శుభ్రమైంది. బియ్యంతో లెక్క వేస్తే, సుమారు 20 లారీల బియ్యంలో ఒక్క రాయి! చేటలో రాళ్లు ఏరే మనకు తెలుసు, అదెంత కష్టమో.

1952లో ఫాన్ ఈ పద్ధతిని అచ్చు వేయించాడు. 1958లో పుస్తకమే రాశాడు. సహాయకుడిగా చేరిన మనిషి రాసింది పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు చదివారు. నేటి సెల్‌ఫోన్లలో ఎక్కువగా వాడేది సిలికాన్. దాన్ని శుభ్రం చేసే తీరు వేరు. కానీ తొలినాటి ట్రాన్సిస్టర్లకు దారి చూపింది ఈయన పద్ధతే.

మీ కష్టమూ ఆయన కష్టమూ ఒకటేనని నేననను. ఇంటికి పోతే మీకు పొయ్యి, పిల్లలు, గేదెలు ఎదురుచూస్తుంటాయి. అందుకే మీరు ఇక్కడ కూర్చునే గంట ఇంకా విలువైంది.

ఒత్తులు మరిచిపోవడం తప్పు కాదు. ఒక్క ఊడుపుతో ఇల్లు శుభ్రం కాదు కదా! రేపు మళ్లీ 'క' ఒత్తు నుంచి మొదలుపెడదాం.

అక్కా, నీ పలక నా దగ్గరే ఉంది. వచ్చి తీసుకో.