డాబా మీద రాబందు

మొన్న నాచారంలో డాబా మీద వడియాలు పెడుతుంటే పక్కింటి పిల్లాడు "అంకుల్, రాబందు!" అని కేకేశాడు. తలెత్తి చూశాను. తోక చివర కత్తెరతో కోసినట్టు చీలి ఉంది. నల్ల గద్ద! ఉప్పల్ మటన్ కొట్ల మీద తిరిగేదీ అదే. రాబందుకైతే చాపలంత రెక్కలు, పొట్టి తోక, బోడి మెడ.

అసలు రాబందు కనిపించడమే అరుదైపోయింది. పశువులకు నొప్పి తగ్గడానికిచ్చే డైక్లోఫెనాక్, వాటి కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. దేశమంతటా రాబందుల సంఖ్య కుప్పకూలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. 2013లో బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు కనిపించాయంటే ఎంత సంబరమో!

ఇదంతా చెప్పినా పిల్లాడు ఒప్పుకోలేదు. ఈలోగా కాకి రెండు వడియాలు ఎత్తుకుపోయింది.